ముల్లు లేని బాణం

భావనపాడు బీచ్ పండగలో మా బావగారికి పిరుదులో బాణం దిగింది. బావగారంటే మా ఆయనకు స్వయానా అన్న. పలాసలో జీడిపప్పు వ్యాపారం, జలంత్రకోటలో కొబ్బరితోటలు, వీటన్నిటికీ మించి ప్రజాసేవ. పండగ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆ రోజు స్టాళ్లు చూసుకుంటూ నడుస్తూ, గాలికి జారిన కండువా తీసుకోవడానికి వంగారు. సరిగ్గా అప్పుడే బెలూన్ల స్టాల్ దగ్గర ఎవరో విసిరిన బాణం దారి తప్పింది.

రక్తం చుక్క కూడా సరిగ్గా రాలేదు. అయినా నాలుగైదు కార్లు వెంటబెట్టుకుని ఆయన్ని టెక్కలి తీసుకువెళ్లారు. డాక్టరు రెండోవైపు టీటీ ఇంజెక్షన్ చేశాడు. ఆ సూది బాణం ముల్లుకన్నా పొడుగని మా ఆయన తర్వాత చెప్పారు. మర్నాడు ఉదయానికల్లా పలాస, టెక్కలి కూడళ్లలో "మా నాయకుడు త్వరగా కోలుకోవాలి" అని ఫ్లెక్సీలు లేచాయి. దెబ్బ ఎక్కడ తగిలిందో వాటి మీద వేయలేదు. అందుకని ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. మా కాలేజీలో ప్యూను గుండెపోటనే నమ్మాడు. నేను టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ ఉద్యోగమే నన్ను ఈ వ్యవహారంలోకి లాగింది.

బాణాల స్టాల్ నడిపేది భావనపాడు మనిషే. మొగుడు చేపల వేటకు పోతాడు, ఈవిడ జాతరలకు పోతుంది. ఊళ్లో అందరూ అప్పా అని, అంటే అక్కా అని, పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. బోర్డు, బెలూన్లు, బాణాలు, గెలిచినవాళ్లకి ప్లాస్టిక్ సబ్బుపెట్టెలు. బాణాలు స్వయంగా తయారుచేసేది. సైకిలు చువ్వ ముక్క అరగదీసి, దారం చుట్టి, తోకకు కోడి ఈకలు కట్టేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే ప్రతి బాణానికీ ఒక ఈక కొద్దిగా వంకరగా ఉంది.

"ఇదేంటప్పా, ఇలా ఉంటే పక్కకి పోతుంది కదా?" అన్నాను.

"పోవాలనే కదేటి మేడంగోరూ వంచింది! అన్నీ తగిలిపోతే సబ్బుపెట్టెలు నానెక్కడినించి తెత్తాను?" అంది, దాచకుండా.

ఆ వంకర ఈకే బావగారిని గాయపరిచిందని నాకు గట్టి నమ్మకం. కానీ ఈక సంగతి ఎవరికీ పట్టలేదు. దోషి ముల్లే అని కమిటీ తేల్చింది. బావగారు ఒక పక్కకు ఒరిగి కూర్చుని మీటింగు పెట్టారు. పలాసలో వాళ్లింటి వరండాలో కమిటీవాళ్లు, అప్ప, నేను.

"సూడండి. ఇంక మీదట మన పండగలో ముల్లన్నది కనపడకూడదు. జనాల సేఫ్టీ ముఖ్యం. అలాగని బెలూన్లు తీసెయ్యం. ముల్లు లేకుండా బెలూను పేలాల," అన్నారు బావగారు.

"ముల్లు లేకండా ఎలగ పేల్తాది బాబూ? బతిమాలితే పేల్తాదేటి?" అంది అప్ప.

"సైన్సు ఉన్నాది. మా తమ్ముడి భార్య ఫిజిక్సు," అని ఆయన నావైపు చెయ్యి చూపించారు. అందరూ నన్ను చూశారు. కాదనడానికి ఏదైనా కారణం దొరుకుతుందా అని నేను వెతుక్కుంటుండగానే తీర్మానం అయిపోయింది.

మొదటి నమూనా ఆన్‌లైన్లో తెప్పించాం. పిల్లల బొమ్మ తుపాకీలో వచ్చే రకం, కొనకు రబ్బరు గిన్నెలాంటిది ఉంటుంది. తగిలిన చోట గాలి బయటికి పోయి అతుక్కోవాలి. మా బోర్డు ప్లైవుడ్డు, దానిమీద సున్నం లాంటి రంగు, పైగా సముద్రం తేమ. ఒక్కటీ అతుక్కోలేదు. బెలూను మీద పడితే దాన్ని మెల్లగా తోసి కింద పడేది. తడి చేస్తే పట్టుకుంటుందని నేనే చెప్పాను, అదే పొరపాటైంది. కమిటీ సభ్యులు వరసగా నాలుకలు చాపి బాణాలు నాకి విసరడం మొదలుపెట్టారు. బోర్డుకు అతుక్కున్నాయి కూడా. అంతలో కోశాధికారికి ఒక అనుమానం వచ్చింది.

"మరి పండగ రోజు ముఖ్య అతిథి బాణం ఎవులు నాకుతారు?"

అతిథిచేత నాకించడం మర్యాద కాదని అందరూ ఒప్పుకున్నారు. నేనంటే నేనని ముగ్గురు లేచారు. అందులో ఇద్దరికి ఆ తర్వాత చాన్నాళ్లు మాటల్లేవు. అతుక్కోవడం వేరు, పేలడం వేరు అని నేను గుర్తు చేసేవరకూ బెలూను మాట ఎవరికీ రాలేదు.

తర్వాత చెప్పుల పట్టీల్లో జర్రుమని ఊడే గరుకు పట్టీ ఉంటుందే, దాన్ని బంతులకు చుట్టించి విసిరారు. అవి దొరికినదాన్నల్లా పట్టుకున్నాయి, ఒక్క బెలూన్ని తప్ప. తోడికోడలి పట్టుచీర కొంగు పోగులు లేచిపోయింది. ఆవిడ వరండాలోకి వచ్చి, సేఫ్టీ అంటే ఇదేనా అని అడిగి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మూడోది బావగారి సొంత ఆలోచన. ముల్లు వద్దు, కొనకు జీడినూనె పూద్దాం, రబ్బర్ని అదే తినేస్తుంది అన్నారు. పలాసలో పుట్టినవాడెవడైనా జీడిపిక్క తొక్కలోని నూనె చర్మానికి తగిలితే ఏమవుతుందో ఎరుగును. నేను ఆ మాటే అన్నాను.

"గుచ్చుకోదు కదమ్మా! మనం వద్దనుకున్నది గుచ్చుకోవడం," అన్నారాయన.

నూనె పూసిన బాణాలు పట్టుకున్న కార్యదర్శి వేళ్లు మర్నాటికి బొబ్బలెక్కాయి. ఆయన వారం పాటు సంతకం పెట్టలేక, కమిటీ పనులేవీ జరగలేదు. జరగలేదని ఎవరూ గమనించనూ లేదు.

నిజమైన దారి దొరికింది మాత్రం అనుకోకుండానే. మరోసారి మీటింగులో కమలాపళ్లు పెట్టారు. నేను ఒకటి వలుస్తున్నాను. ఊదిన బెలూన్లు పక్కనే ఉన్నాయి. తొక్క విరిచినప్పుడు చిమ్మిన తుంపర తగిలి ఒక బెలూను ఫట్టుమంది. బావగారు కుర్చీలోంచి ఎగిరి లేచి, వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నారు. తొక్కలో ఉండే నూనె పల్చటి రబ్బర్ని కరిగిస్తుంది, ఆ సంగతి చదివి మరిచిపోయినట్టున్నాను. ఇంకో బెలూను మీద తొక్క పిండాను. అదీ పేలింది.

ఆ తర్వాత రెండు వారాలు నేను నిజంగా సంతోషంగా పనిచేశాను. ఎగిరే బాణానికి బరువు ముందుండాలి, ఈక వెనక ఉండాలి. కమిటీల్లో బరువంతా వెనక్కి వాలి కూర్చుంటుంది, ముందుకు పంపేది ఈకల్ని. తేలికపాటి గొట్టం తీసుకుని, కొనకు స్పాంజి ముక్క బిగించి, దాన్ని తొక్కరసంలో ముంచాను. రసం బరువు ముందుకు లాగేది. ఈకలు మాత్రం అప్పే కట్టింది, నేను దగ్గర కూర్చుని వంచకుండా చూసుకున్నాను. తగిలితే నొప్పి లేదు, గుచ్చుకోదు, మంచి వాసన కూడా. మా ఆయన మీద విసిరి చూశాను. కమలా సోడాలా ఉందన్నారు.

జీడిగింజలు ఎండబెట్టే గచ్చు మీద కమిటీ ముందు ప్రయోగం పెట్టాం. కార్యదర్శి విసిరాడు. బాణం బెలూనుకు తగిలి కింద పడింది. ఏమీ కాలేదు. అందరూ చూశారు, చూశారు, విసుగొచ్చి టీ వైపు తిరిగారు. అప్పుడు పేలింది.

"లేటుగా పేలినా పేలినట్టే కదండీ," అన్నాను.

"నీకు తెలీదమ్మా. పెద్దాయన బాణం ఏసి, వెనక్కి తిరిగి, మైకు అందుకున్నాక ఫట్టుమంటే ఏటవుతాది? బాంబనుకుంటారు. సెక్యూరిటీవోళ్లు ముందు మనల్ని పడుకోబెడతారు," అన్నారు బావగారు.

అది నిజమే. పైగా తీరంలో గాలికి రసం తొందరగా ఆరిపోతుంది. ఇంకో నెల గడువిస్తే సరిచేస్తానన్నాను. ఆ ఏటి పండగ వారంలో ఉంది, ఆహ్వాన పత్రికలు అప్పటికే అచ్చయ్యాయి. "ముల్లు లేని బాణంతో పండగ ప్రారంభం" అని వేసేశారు. అందుచేత కమిటీ మరో ఉపాయం ఆలోచించింది. బోర్డుకు ప్రతి బెలూను వెనకా చిన్న కన్నం పెట్టాలి. వెనక ఒక మనిషి పిన్నీసు పట్టుకుని కూర్చోవాలి. అతిథి బాణం వేయగానే బావగారు దగ్గుతారు, వెనకున్న మనిషి పొడవాలి. ముల్లు ముందు నుంచి వెనక్కి మారింది, అంతే.

వెనక ఎవరు కూర్చోవాలన్న దగ్గర మళ్లీ ఆగిపోయింది. వెనక కూర్చుంటే ఫోటోలో పడరు. కోశాధికారికి నడుంనొప్పి వచ్చింది, కార్యదర్శికి బొబ్బలు ఇంకా మానలేదు. అప్పని కూర్చోబెడదామంటే, మత్స్యకార మహిళ పళ్లెంలో బాణాలు పెట్టి అతిథికి అందించడం కార్యక్రమంలో ఉంది. ఆవిడకి కొత్తచీర కూడా కొన్నారు.

"నువ్వయితే మనింటి మనిషివి. గుట్టు దాటదు," అన్నారు బావగారు నాతో, ఎంతో గౌరవంగా.

పండగ రోజు అతిథికి వాసన తగలకూడదని, దారిలో ఆరబెట్టిన ఎండుచేపల్ని ఆడవాళ్లు తిట్టుకుంటూ ఎత్తి, బోర్డు వెనక్కి మార్చారు. బోర్డు వెనక నేనుంటానని వాళ్లకెవరూ చెప్పలేదు. చుట్టూ నెత్తళ్లు, వాటి కోసం కాకులు, కాకుల కోసం ఒక కుక్క, మధ్యలో పట్టుచీరలో నేను. నెత్తిన ఎండ. చీర కుచ్చిళ్లకు పెట్టుకున్న పిన్నీసు తీసి చేత్తో పట్టుకున్నాను. కన్నంలోంచి చూస్తే బెలూను ఎరుపు తప్ప ఏమీ కనపడదు. బోర్డు అంచు దగ్గర సందు ఉంది, అక్కణ్ణించి అతిథి మోచెయ్యి మాత్రం కనిపించేది.

ముఖ్య అతిథి బయటి జిల్లా పెద్దమనిషి. చాలాసేపు మాట్లాడారు. మూలపేట పోర్టు నుంచి మొదలుపెట్టి మన ప్రాచీన విలువిద్య దాకా వెళ్లి, క్షేమంగా తిరిగి వచ్చారు. చివరికి అప్ప గొంతు వినిపించింది. "తీసుకోండి బాబూ, గట్టిగా ఏసీండి!"

మోచెయ్యి కదిలింది. బావగారు దగ్గారు. నేను పొడిచాను. ఫట్! జనం చప్పట్లు. అదే క్షణంలో ఆయన బాణం బోర్డు మీదుగా వచ్చి నా ముందున్న చేపల్లో పడింది. కుక్క వాసన చూసి, నచ్చక వదిలేసింది.

రెండో బాణం ఎటు పోయిందో నాకు తెలీదు. ఇసకలో పడిందని అప్ప తర్వాత చెప్పింది. బెలూను మాత్రం పేలింది. "అబ్బో, గురి!" అని ఎవరో అన్నారు. అతిథి గొంతులో హుషారు పెరిగింది. ఇంకోటి ఇమ్మన్నారు.

అప్పుడే గాలి మళ్లింది. చేపల దుమ్మంతా లేచి ముందువైపు పోయింది. బావగారు దగ్గారు. నేను పొడిచాను. పేలిన వెంటనే చప్పట్లు రావాలి, రాలేదు. సందులోంచి చూశాను. అతిథి మోచెయ్యి ఇంకా పైకి ఎత్తే ఉంది. బాణం చేతిలోనే ఉంది.

అంతలో జనంలోంచి ఒక గొంతు లేచింది.

"సూపుతోనే పేలిపోనాది బాబూ!"

ఆ మాట వినగానే తీరమంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు, జేజేలు. బావగారు ఏదో చెప్పబోయి మళ్లీ దగ్గారు. అది సైగ దగ్గో, మామూలు దగ్గో నాకెలా తెలుస్తుంది? పొడిచాను. ఆయనకు దగ్గు తెర పట్టుకుంది, ఆగలేదు. నేనూ ఆగలేదు. ఒకటి తర్వాత ఒకటి బోర్డు మీద బెలూన్లన్నీ అయిపోయాయి. అతిథి చెయ్యి దించలేదు. బాణం వదలనూ లేదు.

"ఇది తయారుచేసిందెవరు? పిలవండి," అన్నారాయన ప్రశాంతంగా.

నన్ను ముందుకి తీసుకొచ్చారు. చీర మీద చేప పొలుసులు, చేతిలో పిన్నీసు. అతిథి నావైపు ఆప్యాయంగా చూసి, ఇందులో ఉన్న సాంకేతిక రహస్యం ఏమిటమ్మా అని మైకులో అడిగారు. అబద్ధం ఆడదామంటే ఏదీ తట్టలేదు.

"పిన్నీసండీ. వెనకాల కూర్చుని నేనే పొడిచాను," అన్నాను.

మైకులో ఆ మాట భావనపాడంతా వినపడింది. బావగారి ముఖం పాలిపోయింది. అతిథి పగలబడి నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి వేదిక నవ్వింది, వేదికను చూసి జనం నవ్వారు. "శాస్త్రవేత్తలకు ఇంత హాస్యం, ఇంత వినయం ఉండటం అరుదు," అని నాకు శాలువా కప్పారు. శాలువాను భుజానికి బిగించడానికి ఎవరికో పిన్నీసు కావలసి వచ్చి, నా చేతిలోది తీసుకున్నారు. నిజం చెబితే ఇంత నెమ్మదిగా ఉంటుందని నాకంతవరకూ తెలీదు. ఎవరికీ ఏమీ కాలేదు.

కారులో బావగారు నావైపు తిరిగారు. "అలగ సెప్పెయ్యాలని నీకెలా తోచిందమ్మా? భలే ప్లాను," అన్నారు. అది ప్లాను కాదని చెప్పాను. ఆయనా నవ్వారు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. అతిథి చెయ్యెత్తి ఉన్నారు, అప్ప కొత్తచీరలో పళ్లెం పట్టుకుని ఉంది, నేను శాలువాతో ఉన్నాను. బావగారు మూతికి కండువా అడ్డం పెట్టుకుని దగ్గుతూ ఉన్నారు, అది ఆయనేనని ఇంట్లోవాళ్లం మాత్రం పోల్చుకోగలం. మా ప్రిన్సిపాలు ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించి, "పిల్లలకోసం ఒక డెమో" అన్నాడు. నేను క్లాసులో కమలా తొక్క పిండి బెలూను పేల్చి, రబ్బరు ఎందుకు కరుగుతుందో చెప్పాను. పిల్లలు మర్యాదగా విని, "చూపుతో పేల్చేది ఎప్పుడు మేడం?" అన్నారు.

కొన్నాళ్లకు అప్ప కాలేజీ గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉంది.

"మేడంగోరూ, ఆ కన్నాల బోర్డు నాకిప్పించండి. ఎక్కడికెళ్లినా జనాలు అదే అడుగుతన్నారు. ముల్లు బాణం ఎవులికీ అక్కర్లేదంట."

బావగారి గోదాములో పడుంది, ఇప్పించాను. వంకర ఈకలతో ఇన్నేళ్లు ఎవరికీ తగలకుండా చూసిన మనిషి, ఇకనుంచి అందరికీ తగిలించాలి. అలాగైతే సబ్బుపెట్టెలు చాలవు కదా అని అడిగాను.

"అయ్యెందుకింక? బహుమానం ఎవులికి కావాల? పేలితే సాలు," అంది.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. తన తోడికోడల్ని బోర్డు వెనక కూర్చోబెట్టింది, దగ్గు బదులు పళ్లెం మీద వేలితో కొట్టేది. కొత్తగా పెళ్లయినవాళ్లు, పోర్టు లారీల డ్రైవర్లు, పెద్ద మీసాలవాళ్లు వరస కట్టేవారు. రహస్యం ఏమీ లేదు. బోర్డు కింద తోడికోడలి కాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఆ కాళ్లవైపు ఎవరూ చూడరు.

ఈమధ్య మూలపేట దగ్గర ఒక జాతరకు మా ఆయనా నేనూ వెళ్లాం. ఆయనకు ఈ కథంతా తెలుసు. ప్లైవుడ్డుకు కన్నాలు పెట్టినప్పుడు దాన్ని కదలకుండా పట్టుకున్నది ఆయనే. స్టాల్ దగ్గరికి రాగానే తన ఫోను, సంచీ నాకిచ్చి, చొక్కా చేతులు మడిచారు.

"బాబుగోరు ఏత్తారేటి? రండి రండి," అంది అప్ప. నావైపు చూడలేదు.

ఆయన ఒక కన్ను మూసి, ఒక కాలు ముందుకు పెట్టి విసిరారు. బాణం బోర్డుకు జానెడు ఇవతల ఇసకలో పడింది. పసుపు బెలూను ఫట్టుమంది. ఆయన వెనక్కి తిరిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముఖం అంత వెలగడం నేను రెండు మూడు సార్ల కన్నా చూసి ఉండను.

"చూశావా? చివర్లో మణికట్టు కొంచెం తిప్పాలి," అన్నారు.

"ఫోటో తియ్యలేదండీ," అన్నాను.

"అయితే ఇంకోటి వేస్తాను, ఈసారి తియ్యి," అని అప్ప పళ్లెంలోంచి మరో బాణం తీసుకున్నారు. నేను సంచీ భుజానికి తగిలించుకుని, బోర్డు కింద కాళ్లు పడకుండా ఫోను కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాను.